కోత పండుగ వేలంలో పాడిన షీటు

ఆబ్వియస్ అన్న మాట ఎక్కడ విన్నా నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. టీవీ చూస్తూ మా ఆయన ఆ మాట అన్నా లేచి వంటింట్లోకి వెళ్లిపోతాను. మామూలు మాటల్లో దానికి ఏ అర్థమైనా చెప్పుకోవచ్చు గానీ, పేటెంటు తగాదాల్లో మాత్రం అర్థం ఒక్కటే: ఇందులో నువ్వు కొత్తగా కనిపెట్టిందేమీ లేదు, ఆ పని తెలిసిన ఎవరికైనా తట్టేదే. ఏళ్ల తరబడి చేతులు కాల్చుకుని చేసిన పనిని ఒక వకీలు ఆ ఒక్క మాటతో ఊడ్చిపారేయవచ్చు. మాకు దాదాపు అదే జరిగింది.

మొయినాబాద్ నుంచి చేవెళ్ల పోయే రోడ్డు పక్కన మా షెడ్డు ఉంటుంది. ఒకప్పుడు అది కోళ్ల ఫారం. ముసురు పట్టిందంటే ఇప్పటికీ ఆ వాసన గోడల్లోంచి వస్తుంది. షెడ్డూ పెట్టుబడీ ఆలూరులో భూములున్న ఒక రైతువి. ఆయన్ని నేను అన్న అంటాను, ఆయన నన్ను చెల్లె అంటాడు. చుట్టరికమేమీ లేదు. వాళ్లది ఊళ్లో ఏ ఎన్నికలొచ్చినా ముందుండే కుటుంబం, మాది మొయినాబాద్ పక్క ఊరు హిమాయత్‌నగర్‌లో కూలికి పోయి బతికిన క్రైస్తవ కుటుంబం. నేను పాలిమర్ కెమిస్ట్రీ చదివి పట్నంలో ఒక కంపెనీలో చాలాకాలం పనిచేశాను. అక్కడ పని నాది, కాగితం మీద పేరు మా పైవాళ్లది. అది భరించలేక బయటికొచ్చిన రోజుల్లోనే అన్న కలిశాడు. ఆయన టమాట చేలల్లో తడి ఆరకుండా, కలుపు మొలవకుండా పరిచే ప్లాస్టిక్ మల్చింగ్ పేపర్ పంట అయిపోయాక మట్టిలోనే చిరిగి ఉండిపోతోంది, దున్నితే నాగలికి ప్లాస్టిక్ పేలికలు చుట్టుకుంటున్నాయి. మట్టిలో కలిసిపోయే షీటు చేయలేవా అని అడిగాడు. చేస్తానన్నాను.

ఏం చేశామో చెప్పకపోతే తగాదా అర్థం కాదు. పాలిస్టర్ అనగానే చీరలూ చొక్కాలూ గుర్తొస్తాయి గానీ అదొక పెద్ద కుటుంబం, అందులో మట్టిలో కుళ్లిపోయే రకాలూ ఉన్నాయి. అలాంటివి రెండు తీసుకున్నాం. ఒకటి గట్టిది, వంచితే విరుగుతుంది. రెండోది సాగుతుంది గానీ నిలబడదు. రెండూ కలిస్తే మంచి షీటు కావాలి. కానీ అవి కలవవు. కరిగించి ఎంత కలిపినా దేని దారి దానిదే. లాగితే ఆ రెండూ ఆనుకున్న చోటే షీటు చిరుగుతుంది. వాటిని కలపడానికి కెటలిస్టు వేయాలి, బడి పుస్తకాల్లో ఉత్ప్రేరకం అంటారే, అదే. అది రెండింటి అణువుల గొలుసులనూ తెంపి దీని ముక్కను దానికీ, దాని ముక్కను దీనికీ అతికిస్తుంది. ఇంతవరకూ లోకానికంతా తెలుసు. చిక్కేమిటంటే కెటలిస్టుకు ఆగడం తెలియదు. షీటు తయారయ్యాక కూడా లోపల బతికే ఉంటుంది. చేనులో ఎండా తడీ తగలగానే మళ్లీ తెంపడం మొదలుపెడుతుంది. ఈసారి అతికించదు.

దాన్ని నిద్రపుచ్చే భాస్వరం మందు ఒకటుంది. అదీ అందరికీ తెలిసిందే. సరుకు రంగు చెడకుండా దాన్ని మొదట్లోనే వేయమని మేము చదివిన ప్రతి పుస్తకమూ చెప్పింది. మొదట్లోనే వేస్తే కెటలిస్టు పని మొదలుపెట్టకముందే పడుకుంటుంది. అసలు వేయకపోతే ఎన్నటికీ పడుకోదు. మేము కెటలిస్టును మెషీను మొదట్లో పోసి, కరిగిన ముద్ద బయటికొచ్చే మూతికి కాస్త ముందు, పక్కన కొత్తగా రంధ్రం కోయించి అందులోంచి భాస్వరం మందు పోశాం. ఎంత ముందు, ఎంత మందు అన్నది పట్టుకునేసరికి నా తల సగం నెరిసింది. మా పేటెంటు దరఖాస్తంతా ఆ రంధ్రం గురించే అనుకోవచ్చు.

మొట్టమొదటి విడతలో ఆ రంధ్రం లేదు, భాస్వరమూ లేదు. అప్పటికి మాకు ఆ ఊహే రాలేదు. చూడటానికి మాత్రం ఆ షీట్లు ఎంత బాగున్నాయో చెప్పలేను. తొలి రోలు బయటికొచ్చినప్పుడు మా అవ్వ షెడ్డులోనే ఉంది. మేం అమ్మను అవ్వ అనే, చర్చిని గుడి అనే అంటాం. రోలును రెండు చేతులతో తడిమి, ఇది గుడికి ఇస్తానంది.

మా దగ్గర కోత పండుగ ఉంటుంది. ఎవరి పనిలో మొదట వచ్చింది వాళ్లు గుడికి తెస్తారు. జొన్న వాళ్లు జొన్న కంకులు, గుమ్మడి వాళ్లు గుమ్మడికాయ, కోళ్లు పెంచేవాళ్లు పుంజు. ఉద్యోగస్తులు ఓ కవరు తెస్తారు. ప్రథమ ఫలం అంటారు. అది మంచిదా కాదా అని చూడరు, మొదటిదా కాదా అన్నదే చూస్తారు. తొలి కాపు కాయ వంకరగా, చిన్నగా ఉన్నా అదే తేవాలి. ఆరాధన అయ్యాక అన్నింటినీ వేలం వేస్తారు. వేలంలో పాడినవాళ్లు ఆ వస్తువు గురించి చెడు చెప్పరు. ఎవరూ పెట్టిన నియమం కాదిది. పుంజు ఇంటికి పోయేసరికి చచ్చినా, గుమ్మడికాయ లోపల కుళ్లినా నోరెత్తరు. ఇచ్చినామె మనసు కష్టపడుతుందని, అంతకన్నా ఎక్కువగా అది దేవుని ముందు పెట్టిన వస్తువని.

అలా ఆ రోలును, మధ్యలో ఉన్న అట్ట గొట్టం మీద నేను మార్కరుతో వేసిన ఒకటో నంబరుతో సహా, మా అవ్వ బంతిపూల దండ చుట్టి నెత్తిన పెట్టుకుని తీసుకుపోయింది. ఎవరో ఫొటో తీశారు. వేలంలో మా పెద్దబాపు పాడుకున్నాడు. సొంత పెదనాయన కాదు, వరసకు అవ్వ ఆయన్ని బావ అంటుంది, మా వాడకట్టు పెద్ద మనిషి, గుడిలో ముందు వరసలో కూర్చునే ఆయన. ఊళ్లో గట్టు తగాదాలకు ఆయన మాటే ఆఖరు. ఆయన ఇదీ హద్దు అంటే తాడు కూడా పట్టకుండా ఒప్పుకునేవాళ్లు.

ఆ పంటలోనే ఆలూరులో అన్న చేనులో పరిచిన షీట్లు పెళుసెక్కి, టమాటలు పూతకు రాకముందే పొలుసుల్లా లేచిపోయాయి. అప్పుడు నేను అవ్వను అడిగాను, గుడికిచ్చిన రోలు సంగతి ఏమైందని. మంచిగనే ఉన్నదట అంది. అయితే పెద్దబాపు ఇంకా పరిచి ఉండడని అనుకుని నా పనిలో పడిపోయాను. తప్పెక్కడుందో పట్టుకుని, మెషీనుకు రంధ్రం కోయించి, కొత్త షీటు పంట చివరిదాకా నిలబడి, ఆ తర్వాత దున్నితే మట్టిలో కలిసిపోయాక, అప్పుడు దరఖాస్తు పెట్టాం.

దరఖాస్తును ప్రచురించగానే ఒక పెద్ద కంపెనీ అడ్డం పడింది. పేరు చెప్పను, వాళ్ల షీట్లు మీ ఊళ్లోనూ దొరుకుతాయి. వాళ్ల అభ్యంతరాల కట్ట వచ్చిన రోజు మా లాయరమ్మ ఫోన్ చేసింది. పట్నంలో ఉండే చురుకైన పిల్ల, ఎప్పుడూ నిదానంగా మాట్లాడుతుంది. ఆరోజు మాత్రం గొంతు వేరుగా ఉంది. దరఖాస్తుకు ముందే మీరీ వస్తువును బహిరంగంగా అమ్మారా మేడమ్ అని అడిగింది. అమ్మలేదన్నాను. అయితే ఈ ఫొటో ఏమిటంది.

మెయిలు తెరిచి చూస్తే మా అవ్వ. నెత్తిన రోలు, మెడ దాకా జారిన బంతిపూల దండ, పండుగనాటి తెల్లచీర. దాని కింద ఇంగ్లిషులో సాక్ష్యం నంబరు. గుడి వాళ్ల ఫేస్‌బుక్ పేజీలోంచి తీసుకున్నారు. నాకు కోపం అక్కడే మొదలైంది. ప్రార్థనకు పోతున్న ముసలామె ఫొటోను పట్నంలో ఎవడో కూర్చుని వెతికి పట్టుకుని, దాని మీద నంబరు గుద్దాడు.

దాని వెనకే ఇంకో కాగితం ఉంది. మా పెద్దబాపు వాంగ్మూలం. తాను ఫలానా సంవత్సరం కోత పండుగలో ఆ షీటును వేలంలో కొన్నాననీ, టమాట చేనులో పరిచాననీ, అది పంట మొత్తానికి మంచిగ పనికొచ్చిందనీ. కింద ఆయన తెలుగు సంతకం. వంకర్లు పోయినా గుర్తుపట్టాను.

లాయరమ్మ చెప్పింది ఇదీ. ఆ షీటు పనికొచ్చిందంటే, మనం ఇప్పుడు కొత్తదంటున్న షీటు దరఖాస్తుకు ముందే నలుగురిలో అమ్ముడుపోయినట్టు. ఇంక కొత్తదనం లేదు. ఒకవేళ ఏదో చిన్న తేడా ఉందని మనం అన్నా, పాలిస్టర్లు పుస్తకాల్లో ఉన్నవే, కెటలిస్టు ఉన్నదే, భాస్వరం ఉన్నదే, మందు ముందు పోయాలా వెనక పోయాలా అన్నది ఎవరికైనా తట్టేదే. రెండువైపుల నుంచీ కట్టేశారు. ఈ పేటెంటు పోతే ఆ కంపెనీ మా పద్ధతినే తన మెషీన్లలో పెట్టుకుని మేం చేసేదానికన్నా చవగ్గా అమ్ముతుంది, మా షెడ్డుకు తాళం పడుతుంది. అది మాకు ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు.

ఇక్కడ ఒక మనిషి గురించి చెప్పాలి. చట్టంలో ఒక ఊహామనిషి ఉంటాడు, ఆ విద్య తెలిసిన మామూలు మనిషి అంటారు. ఫలానాది అతనికి తట్టేదా కాదా అన్నదే మొత్తం తగాదా. ఆ మనిషి మీద నాకున్నంత కోపం ఎవరి మీదా లేదు. ప్రపంచంలో అచ్చయిన ప్రతి కాగితమూ చదివేశాడు. కరెంటు పోయి మెషీనులో ముద్ద గడ్డకట్టి, సుత్తీ ఉలీ పట్టుకుని దాన్ని ఒలుచుకున్న రోజు ఒక్కటీ లేదు అతనికి. పనిలో తప్పు చేయడు, అతని చేనులో షీటు చిరగదు, అప్పు తెచ్చిన అన్న మొహం చూడాల్సిన అవసరం లేదు. జవాబు తెలిసిపోయాక వచ్చి కూర్చుని, ఓస్ ఇంతేనా అంటాడు. నా చేతికి దొరికితే మా షెడ్డులో ఒక్క ఎండాకాలం పనికి పెట్టుకునేదాన్ని.

అన్న మాత్రం ఫికర్ చెయ్యకు చెల్లె అన్నాడు. తనకు తెలిసిన ఎమ్మెల్యేతో మాట్లాడతానన్నాడు. పేటెంటుకూ ఎమ్మెల్యేకూ సంబంధం లేదని చెప్పడానికి నాకు ఓపిక చాలలేదు. మొయినాబాద్‌లో షేర్ ఆటో ఎక్కి హిమాయత్‌నగర్ పోయాను.

పెద్దబాపు ఇంటి ముందు కూర్చుని చేవెళ్ల మార్కెట్టుకు పంపే టమాటలు ఏరుతున్నాడు. నన్ను చూసి సంబరపడ్డాడు, చాయ్ పెట్టించమని లోపలికి కేకేశాడు. నేను చాయ్ వద్దని, ఫోన్‌లో ఆ కాగితం చూపించి, ఇదేందని అడిగాను. ఆయన కళ్లద్దాలు తెచ్చుకుని తన సంతకాన్ని చూసుకున్నాడు. కారులో ఒకాయన వచ్చాడట, మంచి బట్టలు, మంచి మాట. రైతులు ఏ మల్చింగ్ పేపర్ వాడుతున్నారో రాసుకుంటున్నామన్నాడట. గుడిలో పాడిన షీటు ఎట్లుండె అని అడిగాడట. మంచిగుండె అని ఈయన చెప్పాడట. ఆ కారాయన ఇంగ్లిషులో రాసుకొచ్చి సంతకం పెట్టమంటే ఈయన పెట్టాడట.

నిజం చెప్పు పెద్దబాపూ, అది నిలబడ్డదా అని అడిగాను. పుచ్చు టమాట ఒకటి ఏరి పక్కన పడేశాడు. ఆ తర్వాత, కొంచెం అటు ఇటు అయింది అన్నాడు. అటు ఇటు అంటే ఏమిటని గొంతు పెంచాను. పొలుసులు పొలుసులు లేచిందని ఒప్పుకున్నాడు. మరి పనికొచ్చిందని ఎందుకు రాసిచ్చావని అరిచాను. పక్కింటివాళ్లు గోడ మీంచి చూస్తున్నా ఆగలేదు. నీ మంచితనం మమ్మల్ని ముంచిందని కూడా అన్నాను. ఆయన నెమ్మదిగానే చెప్పాడు.

"దేవుని గుళ్లె పాడిన వస్తువది బిడ్డా. మీ అవ్వ నెత్తిన పెట్టుకొని తెచ్చింది. దాన్ని ఖరాబైందని తెల్వనోని ముంగట నేనెట్లంట?"

మరి ఇప్పుడు నిజం రాసివ్వమన్నాను. తల అడ్డంగా ఊపాడు. ఒకసారి ఒకటి రాసి, మళ్లీ ఇంకొకటి రాయడం తనవల్ల కాదన్నాడు. పైగా అది మీ అవ్వ చెవిన పడితే ఆమె ముందు తలెత్తుకోలేనన్నాడు. మిగిలిన సగం రోలు ఇంకా సజ్జ మీదే ఉందని, దేవుని వస్తువును పారేయబుద్ధి కాక దాచానని, కావాలంటే తీసుకుపొమ్మని అన్నాడు. నాకప్పుడు ఆ మాట బుర్రకెక్కలేదు. చాయ్ తాగకుండానే వచ్చేశాను. ఆ ఇంట్లో చాయ్ తాగకుండా లేచిన రోజు నా జన్మలో అదొక్కటే.

ఇంటికి పోయి కోపమంతా అవ్వ మీద చూపించాను. నువ్వెందుకు ఆ రోలు తీసుకుపోయావు, ఆ దండెందుకు, ఆ ఫొటోలెందుకు అని. పెద్దబాపు చేనులో అది ముక్కలైందని నీకు తెలుసా అని కూడా అడిగాను. తెలియదంటుందనే అనుకున్నాను. ఆమె బియ్యం చెరుగుతూ చేట ఆపింది.

"తెల్వకేంది? కలుపుకు పోయినప్పుడు నా చేతులతోనే ఆ ముక్కలు ఏరిన. బావ చూసిండు, నేను చూసిన. ఎవ్వలం ఏం అనలే."

అంటే ఇద్దరికీ తెలుసు. ఒకే చేనులో, ఒకే సాలులో నిలబడి ఇద్దరూ ఆ పొలుసులు చూశారు. ఆయన ఆమె ఇజ్జత్ కోసం మాట్లాడలేదు, ఆమె ఆయన మర్యాద కోసం మాట్లాడలేదు. నేను అడిగినప్పుడు నాకూ మంచిగనే ఉన్నదని చెప్పింది. ఇంత పెద్ద అబద్ధాన్ని ఇంత ప్రేమగా ఎట్లా కాపాడుకున్నారో నాకు అర్థం కాలేదు, ఆ క్షణాన అర్థం చేసుకోవాలని కూడా లేదు. మీ మర్యాదలతో మా షెడ్డు మూతపడుతుందని చెప్పి పడుకున్నాను. అవ్వ రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

ఆదివారం ఆరాధనలో సాక్ష్యాల సమయం ఉంటుంది. దేవుడు తమకు చేసిన మేలును ఎవరైనా లేచి చెప్పుకోవచ్చు. జ్వరం తగ్గిందనీ, బిడ్డకు ఉద్యోగం వచ్చిందనీ చెబుతారు. మా అవ్వ ఎప్పుడూ లేచి మాట్లాడిన మనిషి కాదు. ఆ ఆదివారం లేచింది. కొంగు తల మీదికి లాక్కుని, పాస్టరు అయ్యగారి వైపు కాకుండా, ముందు వరసలో కూర్చున్న పెద్దబాపు వీపు వైపు చూస్తూ చెప్పింది.

"నేను ప్రథమ ఫలమని పెట్టిన షీటు బావ చేన్ల ముక్కలు ముక్కలైంది. నా ఇజ్జత్ కోసమని బావ మంచిగుందని చెప్పిండు. ఆ బరువు ఇగ ఆయన మీదొద్దు. ఖరాబైందని నేనే చెప్తున్న."

కూర్చుంది. ఆమె ఇచ్చింది చెడిపోయిందని ఆమె నోటితోనే అందరి ముందూ చెప్పించిన ఆ కంపెనీని, ఆ కారులో వచ్చినవాణ్ణి, నన్ను కూడా, అందరినీ ఒకేసారి తిట్టుకున్నాను. అయ్యగారు పాట ఎత్తుకున్నారు. పాట అయ్యేలోపు పెద్దబాపు కళ్లద్దాలు తీసి రెండుసార్లు తుడుచుకున్నాడు.

మధ్యాహ్నం ఆయనే మా ఇంటికొచ్చాడు. సగం రోలును గోనెసంచిలో చుట్టి భుజాన వేసుకుని వచ్చాడు. సంతకం ఎక్కడ పెట్టాలో చెప్పమన్నాడు. ఈసారి తెలుగులో రాయించి, చదివి వినిపించి, ఆయన సరేనన్నాకే పెట్టించాం. సంచి విప్పి చూస్తే రోలు పైపొర వేలికి అంటుకుని పొడి రాలుతోంది. అట్ట గొట్టం మీద నా మార్కరు గీత, ఒకటో నంబరు, అట్లాగే ఉంది. అది చూశాక గానీ నా మట్టిబుర్రకు వెలగలేదు. వాళ్లు పెట్టిన ఫొటోలో కూడా ఆ నంబరు కనిపిస్తోంది. ఇది ఆ రోలేనని మేం రుజువు చేయనక్కర్లేదు, వాళ్ల సాక్ష్యమే చెబుతుంది. ఇందులో భాస్వరం లేదని ఏ ల్యాబయినా తేల్చేస్తుంది. పాతబడితే షీటు పొడి కావచ్చు గానీ, లోపల ఉన్న భాస్వరం ఎక్కడికీ పోదు. పట్నంలో బయటి ల్యాబుకు పంపాం. కెటలిస్టు ఉంది, భాస్వరం లేదని కాగితం వచ్చింది.

విచారణ వీడియోలోనే జరిగింది. షెడ్డులో మెషీను ఆపి, అన్నా నేనూ లాప్‌టాప్ ముందు కూర్చున్నాం. ఒక గడిలో అధికారి, ఒక గడిలో మా లాయరమ్మ, ఇంకో గడిలో వాళ్ల వకీలు. పెద్దమనిషి, చక్కటి ఇంగ్లిషు. రోలు పాత పద్ధతిదని రుజువయ్యాక ఆయన ఏమీ తడబడలేదు, వెంటనే రెండో దారి పట్టాడు. సరే, మొదటిది చెడిపోయింది, దిద్దుకున్నారు, ఒక మందు ముందు పోసినా వెనక పోసినా తేడా ఏముంది, ఆ పని తెలిసిన ఎవరైనా చేసేదే కదా అన్నాడు. అలా అంటూ నవ్వాడు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ కనిపిస్తుంది.

సాంకేతిక విషయం నన్నే చెప్పమన్నారు. నేనేం చెప్పానో ఒక్క ముక్క మర్చిపోలేదు. మీరు చూపించిన పుస్తకాలన్నీ నేను చదివాను, చదివే ఆ మొదటి రోలు చేశాను అన్నాను. ఎవరికైనా తట్టేదే అయితే నాకెందుకు తట్టలేదు? నాకు తెలివి లేదనుకుందాం. మీ కంపెనీ సొంత పేటెంటు తీయండి, ఇవే పాలిస్టర్లు, ఇదే కెటలిస్టు. భాస్వరం మొదట్లోనే పోయమని, ఆలస్యం చేస్తే సరుకు చెడుతుందని మీ శాస్త్రవేత్తలే రాశారు. అంత జీతాలిచ్చి పెట్టుకున్న మీవాళ్లకు తట్టనిది, అందరికీ తట్టేది ఎట్లా అయింది? మా దరఖాస్తు ప్రచురించకముందు మీలో ఒక్కరైనా ఆ రంధ్రం కోసి చూశారా? అధికారి ఆ పేజీ చూపించమన్నాడు. లాయరమ్మ స్క్రీన్ మీద పెట్టింది. వాళ్ల వకీలు తన కాగితాలు తిరగేసి, ఇది వేరే సందర్భమన్నాడు. అన్న బల్ల కింద నా కాలు తొక్కాడు, ఆపమనో, ఇంకా చెప్పమనో నాకు తెలియలేదు.

ఉత్తర్వు రావడానికి చాలాకాలం పట్టింది. వచ్చింది. గెలిచాం. మేమడిగినంత విశాలంగా కాకపోయినా ఆ రంధ్రం మాదే అన్నారు. అది ఎవరికైనా తట్టేది కాదన్నారు. ఆ వాక్యాన్ని అన్న నాచేత మూడుసార్లు తెలుగు చేయించుకుని, చేవెళ్ల చౌరస్తాలో ఫ్లెక్సీ కట్టిద్దామన్నాడు. నా ఫొటో కూడా వేయిస్తానన్నాడు. కెటలిస్టు గురించి ఫ్లెక్సీ ఏమిటన్నా అని నవ్వాను. చాలా రోజుల తర్వాత నవ్వాను. మిఠాయికి మనిషిని పంపి, నేను ఉత్తర్వు మొత్తం మొదటి నుంచీ చదవడం మొదలుపెట్టాను.

మధ్యలో ఒక పేరా ఉంది. రోలు ఏ పద్ధతిదో ఫొటో వల్లా, ల్యాబు కాగితం వల్లా తేలింది. దాన్ని కొన్న రైతు ఇచ్చిన రెండు వాంగ్మూలాలూ ఒకదానికొకటి పొసగడం లేదు. అడిగినవారిని బట్టి మాట మార్చే ఇటువంటి సాక్షిని నమ్మడానికి వీల్లేదు. కాబట్టి ఆయన చెప్పిన రెండింటినీ పక్కన పెడుతున్నాం. అంతే, నాలుగు వాక్యాలు. అందులో పెద్దబాపు పేరు, తండ్రి పేరు, ఊరి పేరు ఉన్నాయి. ఈ ఉత్తర్వు ఎవరైనా తెరిచి చదువుకోవచ్చు, ఎన్నేళ్లయినా అలాగే ఉంటుంది.

నాకు వచ్చిన కోపం ఎవరి మీద తీర్చుకోవాలో తెలియలేదు. హద్దు చెబితే ఊరంతా ఒప్పుకునే మనిషి ఆయన. జీవితంలో ఒక్క అబద్ధం ఆడాడు, అదీ మా అవ్వ కోసం. దాన్ని దిద్దుకోవడానికి సిగ్గు విడిచి మళ్లీ సంతకం పెట్టాడు. మా అవ్వ గుడిలో లేచి నిలబడింది. అదంతా లెక్కలోకే రాలేదు. సంచిలో ఆ రోలు ఒక్కటి ఇచ్చి ఊరుకున్నా మేం ఇలాగే గెలిచేవాళ్లం. లాయరమ్మకు ఫోన్ చేసి ఆ పేరా తీయించమన్నాను. తీయించడం కుదరదు, అడిగితే మొత్తం మళ్లీ తిరగదోడతారంది. మనం గెలిచాం కదా మేడమ్ అంది. ఆ పిల్ల తప్పేం లేదు, కానీ ఫోన్ పెట్టేశాను.

మిఠాయి డబ్బా పట్టుకుని హిమాయత్‌నగర్ పోయాను. అవ్వ అప్పటికే పెద్దబాపు ఇంట్లో ఉంది, అరుగు మీద కూర్చుని ఆయన భార్యతో కలిసి చిక్కుడుకాయలు ఒలుస్తోంది. గెలిచామని చెప్పాను. అవ్వ చేతులు కొంగుకు తుడుచుకుని పైకి చూసి దండం పెట్టుకుంది. పెద్దబాపు మిఠాయి ముక్క చేతిలో పట్టుకున్నాడు గానీ నోట్లో పెట్టుకోలేదు. దేనికోసమో ఆగినట్టున్నాడు.

"నా మాట పనికొచ్చిందా బిడ్డా?"

అవ్వ కూడా ఒలవడం ఆపి నా మొహంలోకి చూసింది. ఉత్తర్వు నా ఫోన్‌లోనే ఉంది. ఆ నాలుగు వాక్యాలు నాకు నోటికొచ్చు. ఇదే అరుగు ముందు నిలబడి, నిజం ఎందుకు చెప్పలేదని నేను ఆ మనిషి మీద అరిచాను.

"మంచిగ పనికొచ్చింది పెద్దబాపూ" అన్నాను.

ఆయన మిఠాయి నోట్లో వేసుకున్నాడు. ఆరోజు చాయ్ ఇస్తే తాగి వచ్చాను.